కోడిపెట్టలు గుడ్ల పెట్టెలోనే పడుకుంటుంటే ఏం చేయాలి?

పొద్దున్నే గుడ్డు కోసం పెట్టెలో చెయ్యి పెడితే ముందు రెట్ట తగులుతోందా? అయితే మీ పెట్టలు రాత్రిళ్లు అందులోనే పడుకుంటున్నాయి. గుడ్డు పెట్టడానికి వచ్చిన పెట్ట అరగంటో గంటో కూర్చుని, పని కానిచ్చి, కొక్కొక్కోమని వీధంతా చాటుకుంటూ బయటికొచ్చేస్తుంది. ఆ కాసేపట్లో పెట్టెను పెద్దగా పాడు చేయదు. రోజంతా వేసే రెట్టలో దాదాపు సగం మాత్రం రాత్రి కూర్చున్న చోటే పడుతుంది. అందుకే పగలు ఎంత శుభ్రం చేసినా, గడ్డి ఎన్నిసార్లు మార్చినా మర్నాటికి మళ్లీ అంతే. మార్చాల్సింది అవి పడుకునే చోటు.

మాది బెంగళూరు, కె.ఆర్. పురం దాటాక ఒక లేఅవుట్. మా ఇంటి వెనక 30×40 అడుగుల ఖాళీ సైటు మా బావమరిదిది. ఇల్లు కట్టేదాకా వాడుకోమన్నాడు. అందులో ఆరు పెట్టలున్నాయి, నాలుగు గిరిరాజ అనే బరువు రకం, రెండు నాటువి. పుంజు కూడా ఉండేది గానీ తెల్లవారుజామున నాలుగింటికి దాని కూత పక్కింటివాళ్లకు పడక ఊరికి పంపించేశాం. ఈ పెట్టెల గొడవతో నేను మూడు నెలలు తిప్పలు పడ్డాను. మదనపల్లె నుంచి అమ్మ ఫోన్లో, "గుడ్లకో గది, పడకకో గది ఏంట్రా, మనింట్లో మనకే లేవు" అని నవ్వింది. ఆవిడ నవ్వులో కొంత నిజముంది. ఊళ్లో మునిమాపు వేళ కోళ్లను గంప కింద కమ్మేస్తారు, లేదంటే అవే పశువుల కొట్టం వాసాల మీదికో, చింతచెట్టు మీదికో ఎక్కేస్తాయి. గుడ్డు మాత్రం అటక మీదో, గడ్డివామి పక్కనో. పడక ఒక చోట, గుడ్డు ఒక చోట. ఆ రెంటినీ తెచ్చి ఆరడుగుల గూట్లో పక్కపక్కన పెట్టింది మనమే, కాబట్టి వాటి మధ్య తేడా తెలిసేలా చేయాల్సిందీ మనమే.

ముందు రెండు రాత్రులు చూడండి

ఏ మేకూ కొట్టకముందు, రాత్రి ఎనిమిదింటికి ఫోన్ లైటు వేలితో సగం మూసి గూట్లోకి చూడండి. ఎవరు ఎక్కడున్నారో గుర్తుపెట్టుకోండి. అన్నీ పెట్టెల్లోనే ఉంటే తప్పు దండెంలో ఉంది. దండెం అంటే రాత్రి కోళ్లు ఎక్కి కూర్చునే అడ్డకర్ర. ఒకటో రెండో మాత్రమే పెట్టెలో ఉంటే వాటిని మిగతావి పొడిచి తరిమేస్తున్నాయి, లేదా వాటికి కాలు నొప్పి, లేదా ఎక్కలేనంత బరువు. కొత్తగా గుడ్డుకొచ్చిన పిల్లపెట్టలైతే వాటికి దండెం సంగతే తెలియదు. పగలూ రాత్రీ ఒక్కటే పెట్ట లేవకుండా కూర్చుంటే అది పొదుగుకొచ్చింది, దాని వైద్యం వేరు, చివర్లో చెప్తాను.

దండెం సరిచేయడం

అసలు పనంతా ఇక్కడే. కోడికి చీకటి పడేసరికి గూట్లో అన్నిటికంటే ఎత్తైన చోటు కావాలి. అడవికోడి రోజుల నుంచీ నక్కకూ పిల్లికీ అందకుండా పడుకోవడం దాని రక్తంలో ఉంది. మీ గూట్లో పెట్టె ఎత్తులో ఉండి దండెం కింద ఉంటే పెట్టల తప్పేమీ లేదు. నేను చేసిన మొదటి పొరపాటు అదే. గుడ్లు వంగి తీయనక్కర్లేకుండా పెట్టెలను నడుమెత్తున గోడకు బిగించి, దండేన్ని అడుగెత్తున కట్టాను. నా నడుముకు హాయిగానే ఉంది, కోళ్లు మాత్రం మొదటి రాత్రే పెట్టెల్లోకి ఎక్కేశాయి.

లెక్క ఇలా పెట్టుకోండి. పెట్టెను నేల మీద ఒక ఇటుక ఎత్తున ఉంచండి. పెట్టె పైకప్పు సుమారు అడుగున్నరకు వస్తుంది. దండెం దానికంటే కనీసం ఒక అడుగు పైన, అంటే రెండున్నర అడుగుల దగ్గర ఉండాలి. నాటు కోళ్లకు నాలుగడుగులైనా ఎగరడం కష్టం కాదు. గిరిరాజ అలా కాదు. మన హెబ్బాళ్ వెటర్నరీ కాలేజీలో తయారైన ఈ రకం పెట్ట మూడు కిలోలు దాటుతుంది, ఎత్తు నుంచి ధబ్బుమని దూకితే అరికాలు వాచి, నల్లటి చెక్కు కట్టి, ఇక దండెం జోలికే వెళ్లదు. అందుకని బరువు కోళ్లకు రెండున్నర అడుగులు మించకండి. ఒక పలకకు జానెడు దూరంలో అడ్డపట్టీలు కొట్టి ఏటవాలుగా ఆనించండి. వయసైన పెట్టలు దాని మీదుగానే నడిచి ఎక్కుతాయి.

కర్ర విషయం. ప్లంబింగ్ చేయించగా మిగిలిన అంగుళం పైపు ఉంది కదా అని మొదట దాన్నే బిగించాను. దాని మీద పెట్ట కూర్చోబోయి ముందుకీ వెనక్కీ ఊగడం, గోళ్లు జారడం, చివరికి దిగిపోయి పెట్టెలో దూరడం అన్నీ నిలబడి చూశాను. ప్లాస్టిక్కూ ఇనుమూ వద్దు. రెండంగుళాల వెడల్పున్న చెక్క తీసుకుని, అంచులు చిత్రిక పట్టించి గుండ్రం చేయండి. బెంగళూరులో దీనికి డబ్బు పెట్టనక్కర్లేదు. ఏ వీధిలో చూసినా ఒక బిల్డింగ్ లేస్తూనే ఉంటుంది, సెంట్రింగ్ విప్పాక నీలగిరి కర్రలు మిగులుతాయి. మేస్త్రీని అడిగితే రెండు ఇస్తాడు. బెరడు మాత్రం పూర్తిగా ఒలిచేయండి, దాని కింద పురుగు చేరుతుంది.

ఒక్కో కోడికి పది అంగుళాల చోటు లెక్కేయండి. గోడకు కర్రకు మధ్య అడుగు ఖాళీ వదలాలి, లేకపోతే తోక గోడకు తగులుతుంది. నిచ్చెనలా ఒకదానిపై ఒకటి కర్రలు కట్టడం చూడ్డానికి బాగుంటుంది గానీ, పైమెట్టు కోసం రోజూ కొట్లాటే. ఆరేడు కోళ్లకు ఒకే ఎత్తులో రెండు కర్రలు, మధ్యలో అడుగున్నర ఎడం, ఇదే మేలని నా అనుభవం. మా ఎర్ర గిరిరాజ ఒకటి అందరికంటే ముందెక్కి, పక్కకొచ్చిన ప్రతిదాన్నీ నెత్తిమీద పొడిచేది. రెండో కర్ర కట్టాక దాని ముక్కుకు అందని చోటు మిగతావాటికి దొరికింది.

ఇంకో రెండు సంగతులు గమనించండి. దండెం మీద వీధిలైటు వెలుగు పడుతోందా? ఈ మధ్య వచ్చిన తెల్ల ఎల్‌ఈడీ లైట్లు రాత్రంతా కళ్లలో కొట్టినట్టుంటాయి, చీకటిగా ఉన్న పెట్టె అప్పుడు ఏ కోడికైనా నచ్చుతుంది. ఆ వైపు ఒక గోనెపట్టా కట్టండి. రెండోది రేకు కారడం. జూన్ నుంచి అక్టోబరు దాకా మన దగ్గర వానలు సాయంత్రాలే ఎక్కువ. సరిగ్గా దండెం మీద బొట్టు పడుతుంటే ఎవరు కూర్చుంటారు? జనవరి చలికి మాత్రం భయపడి గూడంతా మూసేయకండి, మన ఊరి చలి కోడి ఈకను దాటదు.

దండెం కింద ఊక, బూడిద కలిపి పరిచి, రెండు మూడు రోజులకోసారి చిన్న పారతో తీసేయండి. పచ్చి కోడిపెంట నేరుగా మొక్కలకు వేయొద్దు, వేళ్లు మాడిపోతాయి. మా కరివేపాకు చెట్టు ఒకసారి అలాగే ఆకులన్నీ రాల్చేసింది.

పెట్టె పడకలా ఉండకూడదు

నాలుగైదు పెట్టలకు ఒక పెట్టె చాలు. నాటువాటికి 12 అంగుళాలు, గిరిరాజకు 14 అంగుళాల చదరం. అంతకంటే పెద్దగా కడితే రెండేసి చేరి కాపురం పెట్టేస్తాయి. పైకప్పు ఏటవాలుగా, 45 డిగ్రీల వంపుతో పెట్టండి, లేదంటే పైన కూర్చుని పెట్టె నిండా రెట్ట జారుస్తాయి. ముందు నాలుగంగుళాల అడ్డపట్టీ ఉంటే గడ్డి బయటికి రాదు. వడ్రంగి ఖర్చు వద్దనుకుంటే 20 లీటర్ల పెయింట్ బకెట్‌ను బాగా కడిగి, అడ్డంగా పడుకోబెట్టి, దొర్లకుండా రెండు వైపులా ఇటుకలు పెట్టండి. గుండ్రంగా ఉంటుంది కాబట్టి పైన ఎవరూ కూర్చోలేరు. నాటు పెట్టలకు ఇది చక్కగా సరిపోతుంది.

లోపల వరిగడ్డో రాగిగడ్డో మూడంగుళాల మందాన. వానాకాలంలో గడ్డి చెమ్మగిల్లి బూజు పడుతుంది, అప్పుడు వడ్రంగి దగ్గర దొరికే చిత్రిక పొట్టు వాడండి. రంపపు పొడి వద్దు, దుమ్ము లేచి కోళ్లకు తుమ్ములొస్తాయి. ఈ పని మొదలుపెట్టే రోజున పాత గడ్డంతా తీసేసి, పెట్టె కడిగి ఎండబెట్టండి. రెట్ట వాసన ఉన్నంతకాలం కోడికి అది పడకగదే.

సాయంత్రం డ్యూటీ

దండెం బాగుచేసినంత మాత్రాన అలవాటు పోదు. ఏడు నుంచి పది సాయంత్రాలు మీరు గూటి దగ్గర ఉండాలి.

సాయంత్రం నాలుగింటికి పెట్టెలు మూసేయండి. గోనెసంచి ముక్కను తెరలా పైన మేకులకు కట్టి, కింద చివరను ఒక ఇటుకతో అదిమిపెడితే చాలు. సరిగ్గా మూయాలి, చిన్న సందు ఉన్నా తల దూర్చి, తర్వాత ఒళ్లంతా దూరుస్తాయి. మరీ ముందుగా మూయడం కూడా తప్పే. ఒక గుడ్డు తయారవడానికి 24 నుంచి 26 గంటలు పడుతుంది. అందుకని ఇవాళ ఎనిమిదింటికి పెట్టిన పెట్ట రేపు తొమ్మిదింటికి, ఎల్లుండి పదింటికి పెడుతుంది. అలా జరుగుతూ జరుగుతూ మధ్యాహ్నం దాకా వచ్చి, ఒక రోజు నాగా పెట్టి, మళ్లీ పొద్దున మొదలెడుతుంది. నేను ఒంటిగంటకే మూసేసిన రోజు మా నల్లపెట్ట తెర ముందు అటూఇటూ తిరిగి తిరిగి, చివరికి నీళ్ల గిన్నె పక్కన నేల మీద పెట్టేసింది. నేను చూసేసరికి మిగతా ఐదూ కలిసి దాన్ని పొడిచి తింటున్నాయి. గుడ్డు రుచి మరిగిన కోడిని మాన్పించడం ఈ రెట్ట గొడవకంటే పది రెట్లు కష్టం. కాబట్టి నాలుగుకు ముందు వద్దు. అప్పటికీ ఆలస్యంగా పెట్టే పెట్ట ఏదైనా ఉంటే ఐదు దాకా ఆగండి.

నాలుగింటికి ఇంట్లో ఎవరుంటారని మీరు అడగొచ్చు. ఆఫీసు నుంచి సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్ దాటి వచ్చేసరికి నాకూ ఎనిమిదవుతుంది. మా ఇంట్లో తెర దించే పని స్కూలు నుంచి వచ్చిన మా అబ్బాయిది. పది రోజులకు ఒక బ్యాడ్మింటన్ రాకెట్ ఒప్పందం. ఎవరూ లేకపోతే ఇంట్లో ఉండే సెలవులు చూసుకుని మొదలుపెట్టండి, మధ్యలో రెండు రోజులు వదిలేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

ఇక చీకటి పడే వేళ. బెంగళూరులో పొద్దు నవంబరు, డిసెంబరుల్లో ఆరింటికే గూకుతుంది, జూన్, జూలైల్లో ఆరు ముప్పావు దాటుతుంది. దానికి అరగంట అటూఇటూగా కోళ్లు గూట్లోకి వస్తాయి. మొదటి రోజు తెర చూసి గోల చేస్తాయి. ఒకటి పెట్టె పైకెక్కి జారుతుంది, ఒకటి తెరను ముక్కుతో లాగుతుంది, ఒకటి అలిగినట్టు మూల నిలబడుతుంది. ఏమీ చేయకండి. పూర్తిగా చీకటి పడనివ్వండి. కోడికి చీకట్లో కళ్లు కనపడవు, పెట్టిన చోటు నుంచి కదలదు. మన ఆయుధం అదే.

ఇప్పుడు నేల మీద మిగిలినవాటిని ఒక్కొక్కటిగా ఎత్తండి. వెనక నుంచి వెళ్లి రెండు చేతులతో రెక్కలు ఒంటికి అదిమి పట్టుకోండి. ఒక అరచెయ్యి రొమ్ము కిందికి జరపండి. కాళ్లు కర్రకు తగిలేలా దండెం మీద దించండి. వేళ్లు కర్రను చుట్టుకునేదాకా చెయ్యి తీయకండి, పెట్ట కాస్త కిందికి వంగి ఒళ్లు సర్దుకుంటుంది, ఈకలు ఒకసారి విదిలించుకుంటుంది, అప్పుడు వదలండి. మోకాలు మడిచి కూర్చోగానే కాలి నరం బిగుసుకుని వేళ్లు వాటంతటవే కర్రను పట్టేస్తాయి, ఇక నిద్రలో కూడా జారదు. దూకేస్తే మళ్లీ ఎత్తండి. మొదటి రాత్రి మా ఆరింటికీ కలిపి పద్నాలుగు సార్లు ఎత్తాను. ఐదో రాత్రికి రెండు మిగిలాయి. తొమ్మిదో రాత్రి నేను వెళ్లేసరికి ఆరూ వరసగా దండెం మీద ఉన్నాయి. భయస్తురాలిని పొడిచేదాని పక్కన పెట్టకుండా చివరన, ఇంకో సాధువు పక్కన పెట్టండి.

అరవకండి, టార్చి కళ్లలో వేయకండి. కోళ్ల రెట్ట పడే చొక్కా ఒకటి విడిగా పెట్టుకోండి, మీ ఇంట్లోవాళ్లు సంతోషిస్తారు.

రాత్రి ఎనిమిది దాటాక, అన్నీ కునుకులో ఉన్నప్పుడు తెర పైకి లేపేయండి. తెల్లారి ఐదింటికి లేచే బాధ ఉండదు, పొద్దున్నే గుడ్డుకొచ్చే పెట్టకు పెట్టె సిద్ధంగా ఉంటుంది. వీధిలైటు వెలుగు ఇంకా లోపల పడుతుంటే మాత్రం ఈ కిటుకు పనిచేయదు, అవి చూసుకుని దిగిపోతాయి. అప్పుడు తెల్లారాకే తీయండి.

నిన్నటిదాకా దండెం ఎక్కినవి హఠాత్తుగా మానేస్తే

పురుగు పట్టిందేమో చూడండి. కోళ్లను పట్టే ఎర్రనల్లి పగలు కర్ర పగుళ్లలో, అతుకుల్లో దాక్కుని, రాత్రి బయటికొచ్చి నిద్రపోతున్న కోడి రక్తం తాగుతుంది. పాపం, దండెం ఎక్కితే ఒళ్లంతా కుడుతుంటే అది పెట్టెలోకి పారిపోక ఏం చేస్తుంది? రాత్రి తొమ్మిదింటికి ఒక తెల్లగుడ్డతో దండెం అడుగువైపు గట్టిగా తుడవండి. ఎర్రగా, గోధుమరంగుగా గీతలు పడితే అవి నలిగిన నల్లులే. జుట్టు, అంటే తల మీది ఎర్రటి తురాయి, పాలిపోయిన కోళ్లుంటే ఇంకా అనుమానించాలి.

గడ్డంతా తీసి కాల్చేయండి. కర్రలు విప్పి, సలసల కాగే నీళ్లు ప్రతి పగులులో పోయండి. ఎండలో ఆరాక సున్నం కొట్టండి. వారం తర్వాత ఇదంతా మళ్లీ చేయాలి, ఎందుకంటే గుడ్లలోంచి కొత్తవి వచ్చేస్తాయి. ఒకసారి చేసి వదిలేస్తే చేయనట్టే. తిండి లేకపోయినా ఇవి పగుళ్లలో నెలల తరబడి బతుకుతాయి. కోళ్లు పొర్లాడటానికి ఒక తొట్టిలో పొడి మట్టి, కట్టెల బూడిద కలిపి పెట్టండి. మందు కొట్టాలనుకుంటే పశువుల డాక్టరును అడిగి మాత్రమే కొట్టండి, గుడ్లు ఎన్ని రోజులు తినకూడదో కూడా అప్పుడే అడగండి.

పొదుగుకొచ్చిన పెట్ట

దీన్ని గుర్తుపట్టడం తేలిక. దగ్గరకెళ్తే ఈకలు నిక్కబొడుచుకుని బుసకొడుతుంది, చెయ్యి పెడితే పొడుస్తుంది. ఎత్తి బయట వదిలినా ఐదు నిమిషాల్లో వచ్చి కూర్చుంటుంది. రోజుకొకసారి లేచి, మేత తిని, ఓ పెద్ద కంపు రెట్ట వేసి వెళ్తుంది. మామూలుగా పెట్టెను పాడు చేసేది ఇది కాదు. పిల్లలు కావాలంటే విడిగా ఒక గంపలో గుడ్లు వేసి 21 రోజులు కూర్చోబెట్టండి. వద్దనుకుంటే అడుగున జాలీ ఉన్న బోనులో మేత, నీళ్లతో మూడు నాలుగు రోజులు ఉంచండి. కిందనుంచి గాలి తగిలి పొదుగు వదులుతుంది. ఊళ్లో నీళ్లలో ముంచేవాళ్లు, నాకది నచ్చదు.

పిల్లల్ని పెంచుతుంటే

హెసరఘట్టలోని కోళ్ల పెంపక కేంద్రం నుంచో, ఇంకెక్కడి నుంచో ఒక్కరోజు వయసు కోడిపిల్లల్ని తెచ్చి అట్టపెట్టెలో బల్బు కింద పెంచుతాం కదా, వాటికి దండెం నేర్పే తల్లి ఉండదు. మూడు, నాలుగు వారాలప్పుడే నాలుగంగుళాల ఎత్తున ఒక చిన్న కర్ర పెట్టండి, ఆడుకుంటూనే ఎక్కుతాయి. పెద్ద గూట్లోకి మార్చాక గుడ్ల పెట్టెలు అసలు తెరవకండి. గిరిరాజ, నాటు పెట్టలు గుడ్డుకు రావడానికి సుమారు ఐదున్నర, ఆరు నెలలు పడుతుంది. జుట్టు ఎర్రబడి, మనిషి దగ్గరికొస్తే కిందికి వంగి కూర్చోవడం మొదలెట్టినప్పుడు తెరవండి. లోపల ఒక పాలరాతి గుడ్డో, గోల్ఫ్ బంతో పెడితే అది ఎందుకో వాటికే అర్థమవుతుంది.

ఈ పది రోజుల్లో దొరికే మురికి గుడ్ల గురించి ఒక మాట. కొద్దిగా అంటుకుంటే ఆరాక పొడి పీచుతో రుద్దేయండి. చన్నీళ్లలో కడగొద్దు. గుడ్డు పెంకుకు వేల కొద్దీ సన్నని రంధ్రాలుంటాయి, చల్లటి నీళ్లకు లోపలి పదార్థం ముడుచుకుని బయటి మురికిని లాక్కుంటుంది. కడగక తప్పకపోతే గోరువెచ్చని నీళ్లతో కడిగి, ఆ పూటే బాగా ఉడికించి తినండి. ఆమ్లెట్ సగం పచ్చిగా వేసుకునే అలవాటుంటే ఆ గుడ్లతో వద్దు. మరీ రెట్ట పూసుకుని పగిలినవి పారేయండి.

అలవాటైపోయాక తెర మానేయొచ్చు. మేం రెండు వారాలకు మానేశాం. మొన్న సంక్రాంతికి నాలుగు రోజులు మదనపల్లె వెళ్లినప్పుడు మాత్రం పక్కింటావిడ మేత వేసింది గానీ గూటి తలుపు చీకటిపడ్డాక ఎప్పుడో వేసింది. పిల్లి ఏదో చుట్టూ తిరిగినట్టుంది, బెదిరి రెండు పెట్టలు మళ్లీ పెట్టెలో దూరాయి. వచ్చాక మూడు సాయంత్రాలు ఎత్తి కూర్చోబెట్టాల్సి వచ్చింది. ఇప్పుడు ఊరికెళ్తే నాలుగింటికి తెర దించి, ఆరింటికి తలుపు వేసి, పొద్దున తెర తీసినందుకు ఆ రోజుల గుడ్లన్నీ ఆవిడవే. ఈ బేరం కుదిరాక ఆవిడ ఒక్క రోజు కూడా మర్చిపోలేదు.